బరువు తగ్గిన కొలది బాధ్యత పెరిగిన యంత్రము

ఒక్క మనిషికి మాత్రమే చోటుండి, చక్రములకు కప్పు లేని పందెపు కారు అరువదేండ్లలో నేర్చుకొన్న పాఠములు

హాలెండు దేశమున, ఉత్తర సముద్రపుటొడ్డున ఇసుకతిన్నెల నడుమ జాండ్‌వోర్ట్ అను పట్టణము కలదు. 1962 మే 20వ తేదీన అచట జరిగిన డచ్ గ్రాన్‌ప్రి పందెమునకు ఇంగ్లండు నుండి వచ్చిన కార్లలో ఒకటి తక్కినవానికంటె సన్ననిది, నేలకు మరింత చేరువైనది, ఆకుపచ్చని మేనిపై పసుపుపచ్చని చార గలది. దానిని నడుపువాడు స్కాట్లండు రైతుబిడ్డ జిమ్ క్లార్క్. దానిని రూపొందించినవాడు లండనులో కట్టడముల ఇంజనీరింగు చదివిన కోలిన్ చాప్‌మన్. కారు పేరు లోటస్ 25. దానిని చూచి కొందరు ఆశ్చర్యపడిరి, కొందరు మండిపడిరి. ఏలయన ఆ యేడే చాప్‌మన్ వద్ద లోటస్ 24 అను కారును సరికొత్తదని నమ్మి కొనుక్కొన్న ఇతర జట్లవారు, తాము డబ్బు పోసి తెచ్చుకొన్నది అప్పుడే పాతబడిపోయినదని అచటనే గ్రహించిరి.

ఆనాటి పందెమున క్లార్క్ తొలి చుట్లలో అందరికంటె ముందు నడచి, క్లచ్చి చెడుటచే వెనుకబడి, తొమ్మిదవవాడుగా ముగించెను. గెలుపు బి.ఆర్.ఎం. కారు నడిపిన గ్రాహం హిల్‌కు దక్కెను. అయినను పందెపు కార్ల చరిత్ర వ్రాయువారు ఆనాటి విజేతకంటె ఆ తొమ్మిదవ కారునే ఎక్కువగా తలచుకొందురు. అటుపిమ్మట ఇరువదేండ్లపాటు ఈ జాతి కార్ల నిర్మాణమును నడిపించిన సూత్రము అందులో తొలిసారి స్పష్టముగా రూపు కట్టినది. ఆ సూత్రమిది: ఏ అంగమైనను ఒక్క పనికే పరిమితమై యున్నచో దాని బరువును కారు మోయనక్కరలేదు, రెండు మూడు పనులు చేయగలిగినదానికే అందులో చోటు. వినుటకు సులువుగా నున్న ఈ మాటలో ఎంతటి ప్రతిభ ఇమిడి యున్నదో, ప్రాణరక్షణ అను పనిని ఆ లెక్కలో చేర్చుకొనుటలో జరిగిన ఆలస్యమునకు ఎంతటి మూల్యము చెల్లింపబడినదో, ఈ రెండింటిని కలిపి చెప్పుకొన్నప్పుడే ఈ యంత్రము కథ పూర్తియగును.

నాలుగు టైర్లే ఆధారము

ఈ కార్ల చక్రములు దేహమునకు వెలుపల, కప్పు లేక తిరుగుచుండును. గాలి సంగతి చూచినచో ఇది పచ్చి నష్టమే. వేగముగా దొర్లు టైరు గాలిని చీల్చి, సుడులు రేపి, వెనుకనున్న భాగములన్నిటికిని చెదరిన గాలినే అందించును. కారు మొత్తముమీద ఎదుర్కొను వాయునిరోధములో సుమారు మూడవవంతు ఈ నాలుగు టైర్లవలననే కలుగును. అయినను నియమావళి వానిని బయటనే ఉంచుమని శాసించును గనుక, రూపశిల్పి బుద్ధి అంతయు ఆ సుడులను దేహమునకు దూరముగా మళ్ళించు ఉపాయములపై నిలుచును. ముందు రెక్క చివరల కనిపించు వంపులు, అంచులు, చీలికలు అలంకారముకొరకు పెట్టినవి కావు; వెనుక దొర్లు టైరు చుట్టును గాలి ఏ దారిని పోవలెనో అవి నిర్ణయించును.

కారునకును నేలకును గల సంబంధమంతయు టైర్ల అడుగున నేలను అంటియుండు నాలుగు చిన్న జాగాలలో నున్నది. ఇంజను ఎంత బలమైనదైనను, బ్రేకులు ఎంత గట్టివైనను, ఆ నాలుగు చోట్ల పట్టు తప్పినచో అవియన్నియు వ్యర్థములే. టైరుపై ఒత్తిడి పెరిగిన కొలది దాని పట్టు పెరుగును. కాని ఒత్తిడి రెట్టింపైనప్పుడు పట్టు రెట్టింపునకు కొంత తక్కువగానే పెరుగును. ఆ ఒత్తిడి కారు సొంత బరువువలన కలిగినదైనచో, మలుపులో కారును వెలుపలికి ఈడ్చు జడత్వము మాత్రము సరిగా రెట్టింపగును. అనగా బరువుతో సంపాదించిన పట్టు ఆ బరువును మోయుటకే చాలదు. ఇంజను బలము పెంచుటవలని లాభము తిన్నని దారిలోనే ఎక్కువగా కనిపించును. బరువు తగ్గించుటవలని లాభము వేగమందుకొనుటలోను, ఆగుటలోను, మలుపు తిరుగుటలోను కూడ కనిపించును. చాప్‌మన్ జీవితాంతము పట్టువిడువక నమ్మినది ఈ మాటనే.

ఈ విచారమునుండి రెండు దారులు చీలినవి. కారు బరువును సాధ్యమైనంత తగ్గించుట ఒకటి. బరువు లేని ఒత్తిడిని మరియొకచోట వెదకి తెచ్చి టైర్లపై మోపుట రెండవది. మొదటి దారి లోటస్ 25తో తెరచుకొన్నది. రెండవ దారి కనిపించుటకు మరి కొన్నేండ్లు పట్టినది.

పెంకులోని బలము

అంతవరకు పందెపు కారునకు సన్నని ఉక్కు గొట్టములను వెల్డింగు చేసి అల్లిన చట్రమే ఆధారము. ఇంజనును చోదకుని ముందునుండి వీపు వెనుకకు మార్చుట అనెడి పెద్ద మార్పు అప్పటికే జరిగిపోయినది. 1958 జనవరిలో అర్జెంటీనా గ్రాన్‌ప్రిని కూపర్ కారుతో స్టర్లింగ్ మాస్ గెలిచినప్పుడు ప్రపంచ విజేత పోటీలలో వెనుక ఇంజను తొలి ఫలము నిచ్చెను. 1959, 1960 సంవత్సరములలో జాక్ బ్రాభమ్ అదే కంపెనీ కార్లతో ప్రపంచ విజేతయై ముందు ఇంజనుకు కాలము చెల్లినదని రుజువు చేసెను. 1961లో ఫార్ములా వన్ అను ఈ పందెముల నియమములు మారినవి: ఇంజను 1,500 ఘనపు సెంటీమీటర్లకు మించరాదు, కారు 450 కిలోలకు తగ్గరాదు. చిన్న ఇంజనుతో పెద్ద వేగము రావలెనన్నచో ఒక్క కిలో కూడ వ్యర్థముగా మోయుటకు వీలులేని స్థితి ఏర్పడినది.

గొట్టముల చట్రమునకును చాప్‌మన్ తలపెట్టిన కట్టడమునకును గల భేదము, గుంజలపై నిలిచిన పందిరికిని మట్టి కుండకును గల భేదము వంటిది. పందిరి బలము గుంజలలోను కట్లలోను ఉండగా, కుండకు లోపల ఏ గుంజయు లేదు, దాని పెంకే దాని బలము. ఆయన పలుచని అల్యూమినియం రేకులతో చోదకునికి ఇరువైపుల పొడవైన పెట్టెలు రెండు కట్టి, అడుగున రేకు పరచి, అడ్డుగోడలతో వానిని బిగించి, అంతయు రివెట్లతో ఒక్కటి చేసెను. ఆ పెట్టెలలోనే రబ్బరు సంచులు దూర్చి పెట్రోలు నింపెను. చక్రముల నుండి వచ్చు తాకిడిని మోయు చట్రము, పెట్రోలునకు చోటు, చోదకుని కూర్చోబెట్టు తొట్టి ఈ విధముగా ఒకే వస్తువైనవి. చోదకుడు దాదాపు పడక కుర్చీలో వలె వెల్లకిల వాలి, కాళ్ళు ముందుకు చాచి కూర్చొనెను. ఎత్తు తగ్గెను, గాలికి ఎదురొడ్డు వైశాల్యమును తగ్గెను. లోటస్ 24 చట్రముతో పోల్చినచో ఈ పెంకు మూడింతలు బిరుసైనది, బరువు మాత్రము అందులో సగమే.

బిరుసుదనమునకు ఇంత విలువ యెందులకన్న ప్రశ్నకు జవాబు సస్పెన్షనులో నున్నది. టైరు నేలను ఏ కోణములో ఆనవలెనో, మలుపులో ఏ చక్రముపై ఎంత ఒత్తిడి పడవలెనో ఇంజనీరు స్ప్రింగులతోను కడ్డీలతోను లెక్క కట్టి అమర్చును. చట్రమే మెలి తిరుగుచున్నచో అది ఎవ్వరును అమర్చని అయిదవ స్ప్రింగై కూర్చుండి, ఆ లెక్కలన్నిటిని తారుమారు చేయును. చట్రము బిరుసైన నాడు స్ప్రింగులను మెత్తగా ఉంచుకొనవచ్చును. స్ప్రింగులు మెత్తనైన నాడు గతుకులలో సైతము టైరు నేలను విడువదు. క్లార్క్ చేతిలో ఆ కారు అంత నిబ్బరముగా మలుపులు తిరుగుటకు ఆయన నేర్పుతోబాటు ఈ కారణమును కలదు.

అయినను యంత్రశాస్త్రము ఎవరిపైనను దయ చూపదు. 1962 డిసెంబరు 29న దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్‌లో, ఆ యేటి ప్రపంచ విజేతను తేల్చు చివరి పందెమున, క్లార్క్ నిరాటంకముగా ముందు సాగుచుండగా ఇంజనులో ఒక చిన్న బోల్టు ఊడిపోయెను. ఆ రంధ్రము నుండి నూనె కారిపోయి, కారు నీలి పొగ చిమ్ముచు పక్కకు తప్పుకొనెను. విజేత పదవి హిల్‌కు దక్కెను. మరుసటి యేడు అదే కారుతో క్లార్క్ పది పందెములలో ఏడు గెలిచి ఆ బాకీ తీర్చుకొనెను. పెంకు ఎంత గొప్పదైనను దానిని నమ్ముకొన్న కారు భవితవ్యము వేలెడంత లేని బోల్టుపై ఆధారపడియుండుట ఈ శాస్త్రమున అడుగడుగున కనిపించు సత్యము.

ఇంజనే వెన్నెముక

పెట్టెకు మూడు పనులు అప్పగించిన చాప్‌మన్ అటుపిమ్మట ఇంజనువైపు దృష్టి మరల్చెను. 1966లో నియమములు 3 లీటర్ల ఇంజనుకు అనుమతి నిచ్చినవి. కాస్‌వర్త్ సంస్థకు చెందిన కీత్ డక్‌వర్త్, ఫోర్డు కంపెనీ ఇచ్చిన లక్ష పౌండ్ల పెట్టుబడితో డి.ఎఫ్.వి. అను ఎనిమిది సిలిండర్ల ఇంజనును రూపొందించెను. ఇంజను కారులో కూర్చుండి ప్రయాణము చేయరాదు, కారునే మోయవలెనని చాప్‌మన్, డక్‌వర్త్ ఇరువురు నిశ్చయించుకొనిరి. లోటస్ 49లో అల్యూమినియం పెంకు చోదకుని వీపు వెనుకనే ముగిసిపోవును. అచట గోడకు నాలుగు బోల్టులతో ఇంజనును బిగించిరి; ఇంజను వెనుక గేరు పెట్టెను బిగించిరి; వెనుక చక్రముల సస్పెన్షను కడ్డీలను వీనికే తగిలించిరి. ఆ నాలుగు బోల్టులను విప్పినచో కారు రెండు ముక్కలై విడిపోవును, ఏలయన ఇంజను వెనుక మరి యే చట్రమును లేదు.

ఇట్లు చేయుటలో తర్కము సూటియైనది. ఇంజను దిమ్మ ఎటులైనను బలిష్ఠముగా ఉండక తప్పదు. సిలిండర్లలోని పేలుళ్ళ ఒత్తిడిని తట్టుకొనుటకు అంత లోహము కావలసినదే. ఆ బలమును చక్రముల తాకిడిని మోయుటకు కూడ వాడుకొన్నచో, దాని చుట్టును ఉండవలసిన గొట్టముల బరువంతయు మిగులును. 1967 జూన్ 4న జాండ్‌వోర్ట్‌లో లోటస్ 49 తొలిసారి పందెమునకు దిగి, క్లార్క్ చేతిలో తొలి పందెమే గెలిచెను. డి.ఎఫ్.వి. ఇంజను 1983 వరకు 155 గ్రాన్‌ప్రి విజయములు సాధించెను. నేటికిని ఫార్ములా వన్ కారు వెనుక సగమున వేరే చట్రము లేదు. ఇంజనును గేరు పెట్టెయు ఆ పని చేయుచున్నవి.

గాలి మోపిన భారము

బరువు లేని ఒత్తిడి ఎక్కడ దొరకునన్న ప్రశ్నకు జవాబు గాలిలో నున్నది. విమానపు రెక్క పైకెత్తునట్లే, దానిని తలక్రిందులు చేసినచో క్రిందికి అదుమును. 1968లో బెల్జియంలోని స్పా పందెమున ఫెరారి, బ్రాభమ్ జట్లు వెనుక రెక్కలతో దిగినవి. గాలి ఒత్తిడి వేగపు వర్గముతోబాటు పెరుగును. వేగము రెట్టింపైనచో ఒత్తిడి నాలుగింతలగును, కారు ద్రవ్యరాశి మాత్రము ఒక్క గ్రాము కూడ పెరుగదు. కొద్ది నెలలలోనే జట్లన్నియు సన్నని కడ్డీలపై ఎత్తయిన రెక్కలు నిలిపి, వానిని నేరుగా చక్రముల సస్పెన్షనుకే తగిలించినవి. 1969లో బార్సెలోనాలోని మోంజూయిక్ కొండపై జరిగిన పందెమున హిల్, యోకెన్ రింట్ నడిపిన లోటస్ కార్లు రెండును ఒకదాని తరువాత ఒకటి, ఆ రెక్కలు విరిగి ఘోరముగా గోడలను ఢీకొన్నవి. వెనువెంటనే మొనాకోలో అధికారులు ఎత్తయిన రెక్కలను నిషేధించిరి.

అంతకంటె గొప్ప సంగతి కారు అడుగున దాగియుండెను. 1970 దశకము నడుమ లండనులోని ఇంపీరియల్ కళాశాల గాలి సొరంగములో, లోటస్ ఇంజనీరు టోనీ రడ్ ఆధ్వర్యమున పీటర్ రైట్ కారు నమూనాను పరీక్షించుచుండెను. నమూనా క్రింద నేల వలె కదలు పట్టా, పైన ఫ్యాను గాలి. కొలతలు ఒకసారి వచ్చినట్లు మరియొకసారి రాకుండెను. విసుగు చెంది వదలివేయదగిన ఆ తేడాను ఆయన వదలలేదు. నిదానించి చూడగా, నమూనా పక్క పెట్టెలు గాలి ఒత్తిడికి క్రమముగా నేలవైపు వంగుచున్నవి. అవి నేలకు ఎంత చేరువైన అంత ఎక్కువ ఒత్తిడి పుట్టుచున్నది. పెట్టెల అంచులకు అట్టముక్కలు అంటించి నేలతో సందు మూసిచూడగా ఒత్తిడి అమాంతముగా పెరిగిపోయినది. ఇరుకైన దారిలో గాలి వేగము హెచ్చును, వేగము హెచ్చిన చోట పీడనము తగ్గును. పాఠశాల పుస్తకములలో బెర్నూలీ పేరుతో మనమందరము చదువుకొన్న ఆ న్యాయమే, కారు పొట్టను వంపుగా మలచినచో మొత్తము కారును నేలవైపు లాగు శక్తిగా మారినది.

1977లో లోటస్ 78, 1978లో లోటస్ 79 ఆ అట్టముక్కల ఫలితములు. నేలను రాచుకొనుచు కదలు అంచులు గల లోటస్ 79తో మారియో ఆండ్రెట్టి ఆ యేటి ప్రపంచ విజేత పదవిని సాధించెను. పక్క పెట్టెలు రేడియేటర్లను దాచుకొనుటతోబాటు కారును నేలకు అదుముటకును పనికివచ్చినవి. కాని ఆ అంచు ఏ గతుకులోనైన ఇరుక్కొని పైన నిలిచిపోయినచో, మలుపు నడుమ పట్టు రెప్పపాటున మాయమగును. చోదకునికి హెచ్చరిక యైనను ఉండదు. అందువలననే కదలు అంచులను 1981లో నిషేధించి, 1983 నుండి కారు అడుగు చదునుగా నుండవలెనని ఆజ్ఞాపించిరి. 2022లో కారు అడుగున గాలి సొరంగములకు మరల అనుమతి యిచ్చినప్పుడు పాత బాధ ఒకటి తిరిగి వచ్చినది: వేగముతో కారు నేలకు అతిగా దిగినంతనే సందు మూసుకొని గాలి ఆగును, ఒత్తిడి పోయి కారు పైకి లేచును, సందు తెరచుకొని మరల దిగును. సెకనుకు అనేక పర్యాయములు సాగు ఈ ఎగురుడుకు చోదకుల వెన్నులు నొప్పి పుట్టగా, దానికి హద్దు విధించుచు కొత్త నిబంధనలు చేయవలసి వచ్చెను.

చెల్లించక తప్పని బాకీ

ఇంతవరకు చెప్పినదంతయు విజయగాథ వలె వినిపించుచున్నది గనుక రెండవ పక్కను దాచిపెట్టుట న్యాయము కాదు. 1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో ఫార్ములా టూ పందెమున జిమ్ క్లార్క్ నడుపుచున్న లోటస్ దారి తప్పి చెట్లను ఢీకొని ఆయన మరణించెను. 1970 సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజాలో లోటస్ 72 నడుపుచు రింట్ మరణించెను. అప్పటికే ఆయన సంపాదించిన పాయింట్లను ఆ సంవత్సరమున మరెవ్వరును దాటలేకపోవుటచే, మరణానంతరము ప్రపంచ విజేతయైన ఏకైక చోదకుడుగా మిగిలెను. ఆనాటి ఇతర కంపెనీల కార్లలోను యువకులు మరణించుచునే యుండిరి. పెట్రోలు సంచుల నడుమ పలుచని రేకు తొట్టిలో పడుకొన్న మనిషికి, ఆ రేకు చేయవలసిన పనుల జాబితాలో చోటు దొరకలేదు. తేలికదనమును నేను మెచ్చుకొందును. కాని మనిషి ప్రాణమును అదనపు బరువుగా ఎంచిన తేలికదనమును మెచ్చుకొనుట నావలన కాదు. ఆ కాలపు ప్రతిభను తలచుకొనునప్పుడెల్ల ఆ యువకుల పేర్లను కూడ తలచుకొనుట మన విధి.

ఈ లోపమును దిద్దినది మరల అదే సూత్రమగుట గమనింపదగినది. 1981లో మక్లారెన్ జట్టు రూపశిల్పి జాన్ బర్నార్డ్, అల్యూమినియం రేకులను విడిచి, పెంకునంతయు కార్బన్ ఫైబరుతో చేయించెను. ఆ పని చేయుటకు పందెపు ప్రపంచములో ఎవరును లేనందున అమెరికాలోని ఉటా రాష్ట్రమున, సాల్ట్ లేక్ సిటీలోని హెర్క్యులిస్ సంస్థను ఆశ్రయింపవలసి వచ్చెను. నల్లని నారను జిగురుతో తడిపిన పలుచని పొరలను అచ్చుపై ఒకటొకటిగా పరచుదురు. నార పొడవున లాగినచో బలము, అడ్డముగా లాగినచో బలహీనము గనుక, ఏ పొరను ఏ దిక్కునకు త్రిప్పి పరచవలెనో ముందే లెక్క కట్టుదురు. రెండు తొడుగుల నడుమ తేనెపట్టు గదుల వంటి అల్యూమినియం పలకను పెట్టుదురు. పిదప వేడియు ఒత్తిడియు గల పెద్ద కొలిమిలో దానిని ఉడికించి గట్టిపరచుదురు. ఈ పదార్థము పెళుసైనది, గుద్దుకొన్నచో పొడి పొడియై పోవునని శంకించినవారు చాలమంది. 1981లో మోంజాలో జాన్ వాట్సన్ నడుపుచున్న ఆ మక్లారెన్ కారు గోడను ఢీకొని ఇంజను తెగి దూరముగా పడిపోగా, పెంకు చెక్కుచెదరలేదు. వాట్సన్ దిగి నడచి వెళ్ళెను. అటుపిమ్మట శంకలు సద్దుమణిగినవి. తేలికయైనది, బిరుసైనది, అన్నిటికి మించి మనిషిని కాపాడునది: పెంకునకు చివరకు ఆ పని కూడ అప్పగింపబడినది.

2018లో చోదకుని తలచుట్టును అమర్చిన టైటానియం వలయమునకు హేలో అని పేరు. సుందరమైన రూపము చెడినదని నొచ్చుకొన్నవారు పలువురు. దాని బరువు కొద్ది కిలోలే, కాని అది పైనుండి సుమారు 12 టన్నుల భారమును తట్టుకొనవలెనని పరీక్ష. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో రొమాన్ గ్రోజాన్ కారు ఇనుప కంచెను చీల్చుకొని దూరి, రెండు ముక్కలై, భగ్గుమని మండిపోయెను. కంచె పలక తలను తాకకుండ ఆ వలయము దానిని పక్కకు నెట్టినది. సుమారు 28 సెకండ్లకు ఆయన మంటలలోనుండి తానే బయటికి వచ్చెను. చేతులు కాలినవి, ప్రాణము దక్కినది. 1961లో 450 కిలోలుండిన కనీసపు బరువు 2022 నాటికి 798 కిలోలైనది. అది చోదకుని చేర్చని లెక్క, ఇది చేర్చిన లెక్క. బ్యాటరీలవంటి హంగుల బరువును ఇందులో కొంత గలదు. కాని అందులో ప్రాణరక్షణకై చేర్చిన బరువును ఎవ్వరును నేడు వ్యర్థమనుటకు సాహసింపరు.

హుస్సేన్ సాగర్ తీరమునకు

ఈ సూత్రము మన వాకిటికి కూడ వచ్చినది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరమున, భారతదేశమున మొట్టమొదటి ఫార్ములా ఇ పందెము జరిగెను. జాన్ ఎరిక్ వెర్న్ విజేతయయ్యెను. చక్రములు బయటనున్న ఆ విద్యుత్ కార్లను 2.8 కిలోమీటర్లకు పైబడిన వీధుల మార్గమున చూచినవారిలో పలువురు వాని నిశ్శబ్దమును గూర్చియే మాటలాడుకొనిరి. ఇంజనీరునకు అంతకంటె ముఖ్యమైన విషయమొకటి వానిలో కలదు. వెనుక చక్రములను త్రిప్పు మోటారే, చోదకుడు వేగము తగ్గింపగోరినప్పుడు జనరేటరై వానిని నిలువరించును. ఆనాటి కార్లలో ముందున్న మరియొక మోటారు ఈ ఆపు పనికొరకే యుండెను. ఆపుటలో వృథాగా వేడియై పోవలసిన శక్తి తిరిగి బ్యాటరీ చేరును. పరుగెత్తించునదే ఆపుచున్నది, ఆపునదే శక్తిని కూడబెట్టుచున్నది. పేరు మారినది, ఇంధనము మారినది. ఒక అంగమునకు పలు పనులను అప్పగించు బుద్ధి మాత్రము మారలేదు.

నేడు తెలుగునాట ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు ఒంటి మనిషి పందెపు కార్లను స్వయముగా కట్టి జాతీయ పోటీలకు కొనిపోవుచున్నారు. వారిలో చాలమంది నేటికిని గొట్టముల చట్రముతోనే ఆరంభింతురు. అందు తప్పేమియు లేదు, చాప్‌మన్ కూడ అచటనే ఆరంభించెను. కాగితముపై ప్రతి అంగమునకు ఎదుట అది చేయు పనులను వ్రాసికొని, ఒక్క పనియే ఉన్నదాని బరువును ప్రశ్నించుట వారు ఆయన నుండి నేర్వదగిన అలవాటు. కాని ఆ జాబితాలో మొట్టమొదటి వరుసను ఆయన కాలము ఖాళీగా విడిచినది. లోపల కూర్చొన్న మనిషిని ఇంటికి చేర్చుట అన్న పనిని ఆ వరుసలో వ్రాసి, తక్కిన పనులన్నిటిని దాని క్రింద వ్రాయు ఇంజనీరే ఈ శాస్త్రమును పూర్తిగా నేర్చినవాడు.